అత్తగారి మంచం, అమ్మాయి పురుడు, తెనాలిలో అమ్మ: ఒక ఇల్లాలి ప్రశ్నకు జవాబు

మీరు రాసిన పరిస్థితిని ముందుగా నా మాటల్లో ఒకసారి చెబుతాను. ఇదే చిక్కులో ఉన్న మరికొందరు కూడా ఈ జవాబు చదువుతారు. మీకు యాభై నాలుగేళ్లు, గుంటూరులో ఒక ప్రైవేటు పాఠశాలలో తొమ్మిదేళ్లుగా తెలుగు చెబుతున్నారు. మీ వారు బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. డెబ్బై తొమ్మిదేళ్ల మీ అత్తగారికి ఏడాదిన్నర కిందట పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి; మాట ఉంది, జ్ఞాపకం బాగానే ఉంది, నీళ్లు తాగేటప్పుడు తరచూ పొలమారుతోంది. డాలస్‌లో ఉన్న మీ అమ్మాయికి డిసెంబరులో తొలి కాన్పు. ఆరు నెలలు వచ్చి ఉండమంటోంది. మీ వారు "నువ్వు వెళ్తే అమ్మను ఎవరు చూస్తారు" అంటున్నారు, హైదరాబాదులో ఉన్న మరిది వృద్ధాశ్రమం మాట ఎత్తారు, విజయవాడలో ఉన్న ఆడపడుచు ఏమీ అనలేదు. ఉద్యోగం మానేస్తే అన్నీ సర్దుకుంటాయేమోనని మీరు ఆలోచిస్తున్నారు. మీ అమ్మగారు తెనాలిలో ఒక్కరే ఉంటున్నారన్న సంగతి ఉత్తరం చివర ఒకే ఒక్క వాక్యంలో రాశారు.

ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా పనిచేసి రిటైరయ్యాక, మంచాన పడ్డ పెద్దలున్న ఇళ్లకు వెళ్లి ఆ ఇంటివారికీ, అటెండెంట్లకూ పని నేర్పడమే నా వ్యాపకంగా పెట్టుకున్నాను. ఆ అనుభవంతో నా అభిప్రాయం సూటిగా చెబుతున్నాను. మీరు అమ్మాయి దగ్గరకు వెళ్లవచ్చు, అయితే ఆరు నెలలు కాకుండా పది పన్నెండు వారాలకు వెళ్లండి. మీ అత్తగారు తన ఇంట్లో, తన మంచం మీదే ఉండవచ్చు. ఆ కాలంలో ఆవిడ బాధ్యత ఆవిడ కన్న ముగ్గురు బిడ్డలు తీసుకోవాలి. ఉద్యోగం మానవద్దు.

మీకు వచ్చిన ఇబ్బంది మీ ఇంటి తీరు వల్లే వచ్చిందని అనుకోకండి. ఆంధ్రప్రదేశ్ జనాభాలో అరవై దాటినవారు 2021లో 12.4 శాతం ఉన్నారని, 2031 నాటికి 16.4 శాతం అవుతారని కేంద్ర గణాంక శాఖ అంచనా వేసింది. అంటే మన రాష్ట్రం దేశ సగటు కంటే ముందుగా ముసలిదవుతోంది. మరోవైపు 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఇక్కడ ఒక్కో స్త్రీకి పుట్టే బిడ్డల సగటు 1.7కు దిగింది. మీ అత్తగారి తరంలో ఒక పెద్దావిడ మంచాన పడితే చూడటానికి నలుగురైదుగురు కోడళ్లూ కూతుళ్లూ ఉండేవారు, ఆ పెద్దావిడ కూడా అంతకాలం బతికేది కాదు. ఇప్పుడు పైన ఇద్దరు ముగ్గురు పెద్దలు, కింద ఒకరో ఇద్దరో పిల్లలు, వాళ్లలో ఒకరు పరదేశంలో. నడుమ యాభై దాటిన ఒక స్త్రీ, తనకూ బీపీ, మోకాళ్ల నొప్పులు మొదలైన వయసులో, ఒకేసారి కోడలిగా, తల్లిగా, కూతురిగా, అమ్మమ్మగా పనిచేయవలసి వస్తోంది. 2024లో జరిగిన జాతీయ కాల వినియోగ సర్వే చూస్తే, ఇంటి పని చేసిన ఆడవారు దానికి రోజుకు సగటున 289 నిమిషాలు పెడుతుంటే, ఆ పనిలో చెయ్యి వేసిన మగవారు 88 నిమిషాలు పెడుతున్నారు. పిల్లల, పెద్దల సంరక్షణలో ఈ లెక్క 137 నిమిషాలు, 75 నిమిషాలు. రాత్రి పక్క గదిలో దగ్గు వినిపిస్తే లేవాలని ఒక చెవి అటే ఉంచి పడుకునే నిద్ర కూడా ఇటువంటి లెక్కల్లో మామూలు నిద్ర కిందే జమ పడుతుంది.

అందువల్ల అమెరికా టికెట్టు సంగతి పక్కన పెట్టి, ముందు ఒక నోటుబుక్కు తీసుకుని ఒక వారం పాటు మీ అత్తగారికి జరిగే ప్రతి పనినీ గంటతో సహా రాయండి. ఉదయం ఐదున్నరకు డైపరు మార్చడం, వీపు తుడిచి చర్మం ఎక్కడైనా ఎర్రబడిందేమో చూడటం, పళ్లు తోమించడం, కూర్చోబెట్టి కాఫీ తాగించడం, బీపీ మాత్ర, ఇడ్లీ మెత్తగా చేసి తినిపించడం, పడిపోయిన చేతికీ కాలికీ వ్యాయామం, రెండు గంటలకొకసారి పక్కకు తిప్పడం, రాత్రి పదకొండుకు ఒకసారి, రెండుకు ఒకసారి లేవడం; ఇవన్నీ ఎవరు చేశారో పక్కన పేరు రాయండి. ఇలా రాయించిన ఇళ్లన్నింటిలో నాకు కనిపించింది ఒకటే. గడియారానికి కట్టుబడిన పనులన్నీ ఆడవారి పేరు కింద ఉంటాయి, రేపటికి వాయిదా వేయగలిగిన పనులు మగవారి పేరు కింద ఉంటాయి. మందులు తేవడం, కరెంటు బిల్లు కట్టడం, డాక్టరు దగ్గర నంబరు తీసుకోవడం కూడా పనులే, కాదనను; కానీ అవి సాయంత్రం చేసినా నడుస్తాయి, తడిసిన డైపరు సాయంత్రం దాకా ఆగదు. "నువ్వు వెళ్తే ఎవరు చూస్తారు" అన్న మీ వారికి ఆ ప్రశ్నకు జవాబు ఆ నోటుబుక్కులో దొరుకుతుంది, ఎందుకంటే ఆయన ఇంతవరకు ఆ పనిని ఒకే ముద్దగా చూశారు. విడివిడిగా రాసినప్పుడు అందులో సగానికి పైగా తాను చేయగలిగినవేనని ఆయనకే తెలుస్తుంది.

బయలుదేరడానికి కనీసం నెల రోజుల ముందు నుంచి ఆయనకు పని నేర్పండి. మీరు చేస్తుంటే ఆయన చూడటం వల్ల ఏ పనీ రాదు, ఆయన చేస్తుంటే మీరు పక్కన నిలబడాలి. మంచం మీద నుంచి వీల్‌చైరులోకి మార్చేటప్పుడు కుర్చీని ఆవిడ బాగున్న కుడి వైపున కొంచెం ఏటవాలుగా పెట్టి, బ్రేకులు వేసి, పాదాలు పెట్టుకునే పలకలు పైకి మడవాలి. ఎడమ చేతిని పట్టిగానీ చంక కింద చెయ్యి వేసిగానీ ఎప్పుడూ పైకి లాగకూడదు. పక్షవాతం వచ్చిన భుజం వదులుగా ఉండి కీలు జారిపోతుంది, ఆ నొప్పి నెలల తరబడి వేధిస్తుంది. నడుముకు వెడల్పాటి బెల్టు కట్టి, దాన్ని పట్టుకుని, తన మోకాళ్లు వంచి లేపాలి, లేకపోతే రెండో వారంలో ఆయన నడుమే పట్టేస్తుంది. తినిపించేటప్పుడు ఆవిడ నిటారుగా కూర్చుని ఉండాలి, గడ్డం కాస్త కిందికి దించి ఉండాలి, చిన్న చెంచాతో కుడి వైపు నుంచి పెట్టాలి, తిన్నాక ఎడమ బుగ్గలో ముద్ద మిగిలిపోయిందేమో తప్పనిసరిగా చూడాలి, కనీసం అరగంట దాకా పడుకోబెట్టకూడదు. పొలమారుతోందని రాశారు గనుక ఒకసారి మింగే తీరును డాక్టరు చేత పరీక్ష చేయించండి. పలచని నీళ్లకంటే కొంచెం చిక్కటి ద్రవాలు ఆవిడకు సురక్షితం కావచ్చు, కానీ అది డాక్టరే తేల్చాలి. పొలమారినది ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా రావడమే ఇలాంటి రోగులకు పెద్ద ప్రమాదం.

కన్న కొడుకు చేత ఒళ్లు తుడిపించుకోవడానికి, డైపరు మార్పించుకోవడానికి ఆవిడ ఒప్పుకోరని మీరు అంటారు, అది నిజమే, ఆ బిడియాన్ని గౌరవించాలి కూడా. ఆ పనులకు పగటి పూట ఒక స్త్రీని పెట్టుకోండి. తినిపించడం, మందులు, వ్యాయామం, రాత్రి పక్కకు తిప్పడం, కబుర్లు చెప్పడం, వీటిలో వేటికీ బిడియం అడ్డు రాదు. అత్యవసరమైన రాత్రి వేళ దుప్పటి చాటున డైపరు మార్చడం కూడా మీ వారు నేర్చుకుని ఉండాలి. ఆసుపత్రిలో మగ నర్సులు ఆ పని గౌరవంగా చేస్తూనే ఉన్నారు.

అటెండెంటు విషయంలో ఏజెన్సీ ద్వారా వచ్చినా, వీధిలో తెలిసినావిడ వచ్చినా, మీరు ఊళ్లో ఉన్నప్పుడే మూడు నాలుగు వారాలు పని చేయించి చూడండి. పనివేళలు, జీతం, వారానికి ఒక సెలవు, ఆ సెలవు రోజున ఎవరు చేస్తారు, ఏ పని ఆవిడది కాదు అన్నవన్నీ కాగితం మీద రాయండి. రోగిని చూడటానికి వచ్చిన మనిషి చేత ఇంటి అంట్లు తోమించడం వల్లే సగం మంది నెల తిరగకుండా మానేస్తారు. ఆవిడకూ ఒక ఇల్లు ఉంటుంది, ఆ ఇంట్లో పిల్లలను ఆవిడ తల్లో అత్తో చూస్తుంటుంది. ఈ గొలుసు మన జిల్లాల్లో చాలా పొడవైనది: కడప, రాయచోటి వైపు నుంచి, గోదావరి జిల్లాల నుంచి కువైట్ ఇళ్లలో పనికి వెళ్లిన తల్లులు అక్కడ వేరేవారి పిల్లలను, ముసలివారిని చూసుకుంటుంటే, వారి పిల్లలు ఇక్కడ అమ్మమ్మల దగ్గర పెరుగుతున్నారు. అటువంటి దేశాలకు ఇంటి పనికి వెళ్లడానికి స్త్రీకి ముప్పై ఏళ్లు నిండాలని మన ప్రభుత్వ నిబంధన ఉంది గనుక, వెళ్లేసరికి చాలామందికి బడి వయసు పిల్లలు ఉంటారు, వారి అమ్మమ్మలు యాభై దాటి ఉంటారు. ఆ అమ్మమ్మలకు ఎవరూ జీతం ఇవ్వరు, వాళ్ల మోకాళ్ల గురించి ఎవరూ ప్రశ్న రాయరు.

ఇక మీ మరిది, ఆడపడుచుల సంగతి. మన ఇళ్లలో తల్లిదండ్రులను వంతులు వేసుకుని నెలకొకరి దగ్గర ఉంచుకునే అలవాటు ఉంది. నడిచి తిరిగేవారికి అది ఎలా ఉన్నా, మంచాన ఉన్నవారికి మంచిది కాదు. నెలకోసారి మంచం మారి, బాత్రూము మారి, డాక్టరు మారితే ఆవిడ తెచ్చుకున్న కొద్దిపాటి కుదురు పోతుంది. ఆవిడను తిప్పడం మాని బిడ్డలే వంతుల వారీగా ఆవిడ దగ్గరకు రావాలి. మీరు లేని పన్నెండు వారాల్లో మరిది ఒక రెండు వారాలు, ఆడపడుచు మరో రెండు మూడు వారాలు వచ్చి గుంటూరులో ఉంటే, మిగిలిన కాలాన్ని మీ వారు అలసిపోకుండా నడపగలరు. రాలేనివారు అటెండెంటు జీతం భరించాలి. ఆడపడుచు ఏమీ అనలేదని రాశారు. బహుశా ఆమెను ఎవరూ అడగలేదు. పెళ్లయి వెళ్లిపోయిన కూతురికి పుట్టింటి బాధ్యత ఉండదన్న మాట ఎప్పుడో పాతబడింది. ఆంధ్రప్రదేశ్‌లో 1986లో చేసిన సవరణే అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కు ఇచ్చింది, 2005 కేంద్ర సవరణ దాన్ని దేశమంతటా కూతుళ్లందరికీ విస్తరించింది. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమానికి 2007లో వచ్చిన చట్టం కూడా బిడ్డలు అన్నప్పుడు కొడుకును, కూతురిని సమానంగానే చెప్పింది. గమనించండి, ఆ చట్టం చెప్పిన బిడ్డల్లో కోడలు లేదు. కోడలిని, అల్లుడిని కూడా చేర్చాలని 2019లో ఒక సవరణ బిల్లు వచ్చింది గానీ అది చట్టం కాలేదు. అంటే ఇంట్లో అందరూ మీ ఒక్కరిదేనని అనుకుంటున్న బాధ్యత చట్టం దృష్టిలో మీ పేరు మీద లేనే లేదు. ఈ మాట పట్టుకుని పోట్లాడమని నా ఉద్దేశం కాదు. పన్నెండు వారాలు వెళ్లి వస్తానని చెప్పడానికి మీరు ఎవరి అనుమతీ వేడుకోనక్కరలేదని తెలియడానికి రాస్తున్నాను.

ఇల్లు అత్తగారి పేర ఉందని కూడా రాశారు. సంరక్షణ మాటలు జరుగుతున్న రోజున ఆస్తి మాట ఎత్తవద్దు. ఎప్పుడైనా ఆవిడ ఎవరికైనా ఇల్లు రాసివ్వాలనుకుంటే, తనను చివరి వరకు చూసుకోవాలన్న షరతును దస్తావేజులో స్పష్టంగా రాయించుకోమనండి. పైన చెప్పిన 2007 చట్టంలోని 23వ సెక్షను కింద ఆ దస్తావేజును తర్వాత రద్దు చేయించడానికి ఆ షరతే ఆధారమని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది.

వృద్ధాశ్రమంలో పెట్టడం తప్పా అని అడిగారు. తప్పూ కాదు, పాపమూ కాదు. కాకపోతే మీ విషయంలో అది పనికివచ్చే దారి కాదు. చాలా వృద్ధాశ్రమాలు తమ పనులు తాము చేసుకోగలిగినవారినే చేర్చుకుంటాయి. మంచాన ఉన్నవారిని తీసుకునే చోట్లు పెద్ద ఊళ్లలో ఉన్నాయి గానీ, అక్కడ రాత్రి పూట ఎంతమందికి ఒక మనిషి ఉంటారో, రెండు గంటలకోసారి తిప్పిన వివరం రాసే చార్టు ఉందో లేదో చూడకుండా చేర్చకూడదు. అన్నిటికంటే ముఖ్యం, జ్ఞాపకం బాగున్న మనిషిని అడగకుండా ఆ నిర్ణయం తీసుకోవడం అన్యాయం. మీ ఉత్తరంలో అందరి మాటలూ ఉన్నాయి, ఆవిడ ఏమంటున్నారో మాత్రం లేదు. మనవరాలి కాన్పుకు నన్ను పంపుతారా అని ఆవిడను అడిగి చూడండి. ఆ తరం వారికి పురుడు అంటే ఏమిటో మనకంటే బాగా తెలుసు. చాలా ఇళ్లలో మొదటగా "వెళ్లు" అన్నది మంచం మీద ఉన్న ఆ పెద్దావిడే.

డాలస్ విషయానికి వస్తే, సందర్శక వీసా మీద వెళ్లిన తల్లిదండ్రులకు సాధారణంగా ఆరు నెలల దాకా ఉండనిస్తారు గనుక, ఆరు నెలలూ ఉండటమే ఆనవాయితీ అయిపోయింది. నిజానికి బాలింతకు మనిషి సాయం అన్నిటికంటే ఎక్కువ అవసరమయ్యేది మొదటి ఆరు నుంచి ఎనిమిది వారాలు. కాన్పుకు రెండు వారాల ముందు చేరి, తర్వాత ఎనిమిది పది వారాలు ఉండి, మీరు తిరిగి వచ్చే సమయానికి మీ వియ్యపురాలు వెళ్లేలా ఇప్పుడే మాట్లాడుకోండి. అల్లుడికి సెలవు ఎంత ఉంటుందో, దాన్ని ఒకేసారి వాడుకోకుండా మీరు వచ్చేశాక కొంత మిగుల్చుకోగలరేమో అడగండి. సందర్శకుల ఇన్సూరెన్సు పాలసీలు చాలావాటిలో ముందే ఉన్న జబ్బులకు పూర్తి రక్షణ ఉండదు. మీ బీపీ మందులు మొత్తం కాలానికి సరిపడా, డాక్టరు చీటీతో తీసుకువెళ్లండి. పసిబిడ్డ దగ్గర ఉండబోయే పెద్దలు కోరింత దగ్గు రాకుండా వేసే టీకా కనీసం రెండు వారాల ముందు వేయించుకోవాలని అక్కడి వైద్యులు అడుగుతారు, ఆ చలికాలంలో ఫ్లూ టీకా కూడా అవసరం.

కాళ్లు చాపుకుని కూర్చుని, బిడ్డను కాళ్ల మీద వేసుకుని నీళ్లు పోయాలని మీకు ఉంటుంది. మోకాళ్లు సహకరించకపోతే ఆ పట్టుదల వద్దు, చిన్న టబ్బులో పోసినా బిడ్డ శుభ్రపడుతుంది. అసలు బొడ్డు ఊడేదాకా తడిగుడ్డతో తుడవడమే మంచిది. ముక్కులో, చెవిలో నూనె వేయడం, సాంబ్రాణి పొగ పట్టడం మానండి. బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టమని అక్కడ గట్టిగా చెబుతారు, అది సరైన మాటే. బాలింతకు నీళ్లు తక్కువ ఇవ్వాలన్న పథ్యం పాలిచ్చే తల్లికి హాని చేస్తుంది. అమ్మాయి రెండు వారాలు దాటినా ఏడుస్తూ, నిద్ర పట్టక, బిడ్డ మీద మనసు పోవడం లేదంటే దాన్ని గారాబమని కొట్టిపారేయకుండా డాక్టరుకు చెప్పించండి.

మనవల పనిలో అమ్మమ్మల ఆరోగ్యం ఏమవుతుందన్న విషయం మీద మెల్‌బోర్న్‌లో యాభై ఏడు నుంచి అరవై ఎనిమిదేళ్ల మధ్య స్త్రీలను పరీక్షించి 2014లో ప్రచురించిన ఒక అధ్యయనం ఉంది. వారానికి ఒక రోజు మనవలను చూసుకునేవారు బుద్ధి చురుకుదనపు పరీక్షల్లో మెరుగ్గా ఉన్నారు, ఐదు రోజులు, అంతకు మించి చూసుకునేవారు ఒక పరీక్షలో వెనుకబడ్డారు. ఒక చిన్న అధ్యయనంతో సిద్ధాంతం చేయలేం గానీ, నేను ఇళ్లలో చూసినదానికి అది విరుద్ధంగా లేదు.

ఉద్యోగం గురించి గట్టిగానే చెబుతాను. మన దేశంలో కాన్పుకు 26 వారాల సెలవు ఇచ్చే చట్టం ఉంది, ముసలి తల్లిదండ్రులను చూసుకోవడానికి ప్రైవేటు ఉద్యోగికి సెలవు ఇమ్మనే చట్టం లేదు. కాబట్టి యాజమాన్యాన్ని జీతం లేని సెలవు అడగవలసిందే. మీ పాఠశాల పీఎఫ్ కడుతున్నట్లయితే, నెలసరి పెన్షను రావడానికి పదేళ్ల సర్వీసు కావాలి, మీకు తొమ్మిదేళ్లు ఉన్నాయి. ఇప్పుడు మానేస్తే యాభై ఎనిమిదో ఏట రావలసిన ఆ చిన్న మొత్తం చేజారే ప్రమాదం ఉంది. మన దగ్గర భార్యలు భర్తల కంటే చిన్నవారు, ఎక్కువ కాలం బతుకుతారు కూడా. చివరి పదేళ్లు ఒంటరిగా గడిపే స్త్రీకి తన పేర వచ్చే రూపాయికి ఉన్న విలువ వేరు.

తెనాలిలో ఉన్న మీ అమ్మగారిని ఆ ఒక్క వాక్యంలో వదిలేయకండి. ఆవిడకు డెబ్బై దాటాయి గనుక ఆదాయంతో పనిలేకుండా ఐదు లక్షల రూపాయల ఆయుష్మాన్ కార్డుకు అర్హులు, వెళ్లేలోగా ఆ పని పూర్తి చేయండి. పక్కింటివారి ఫోను నంబరు మీ దగ్గర, మీ నంబరు వారి దగ్గర ఉండాలి. 14567 అనే వయోవృద్ధుల సహాయ నంబరు ఆవిడ ఫోనులో వేసి ఒకసారి ఆవిడ చేతే చేయించి చూపండి. మీరు లేనప్పుడు గుంటూరు వచ్చి తన వియ్యపురాలైన మీ అత్తగారికి తోడుండమని మాత్రం అడగవద్దు, అది తోడు పేరుతో చాకిరీ అవుతుంది. తిరిగి వచ్చాక కొన్నాళ్లు మీ దగ్గర ఉంచుకోవాలనిపిస్తే, కూతురింట్లో ఉండటమేమిటన్న మాట ఆవిడే అంటారు. దానికి సమాధానం మీ వారి నోటి నుంచి రావాలి.

తిరిగి వచ్చిన మర్నాడే ఇంట్లో అందరూ పనులన్నీ మళ్లీ మీకు అప్పజెప్పి ఊపిరి పీల్చుకుంటారు. అప్పుడు ఆ నోటుబుక్కు మళ్లీ తీయండి. రాత్రి రెండు గంటల పని మీ వారి పేరు మీదే ఉండనివ్వండి, పగటి అటెండెంటును మాన్పించవద్దు, మరిది నెలకు పంపే డబ్బు ఆగకుండా చూడండి, ఆడపడుచును మళ్లీ ఎప్పుడు వస్తారో తేదీ అడగండి.